లెవోయ్ పెట్టిన ఒట్టు

ఏమయ్యా, ఆ నవ్వేంటి? నిన్ను బురిడీ కొట్టించేవాడు ఇంకా పుట్టలేదనేగా?

టాక్సీ తోలే లెవోయ్ కూడా అచ్చం అలాగే అనుకున్నాడు.

మోంట్రియల్‌లో ఉత్తరం వైపు హైతీవాళ్ళ చర్చి ఒకటుంది. ఆదివారం ప్రార్థన అయ్యాక కింద నేలమాళిగలో డామినో బల్ల వేస్తారు. వరస కొసనున్న చుక్కలకి సరిపోయే ముక్క పెడుతూ పోవాలి, చేతిలో ముక్కలు ముందు అయిపోయినవాడిదే గెలుపు. ఓడినవాడి మొహానికి బట్టల క్లిప్పు పెడతారు. ఆటకో క్లిప్పు. మళ్ళీ గెలిచేదాకా తియ్యకూడదు.

ఆ బల్ల దగ్గర ఇంకో ఆచారం కూడా ఉంది. కూర్చున్న ప్రతివాడూ “వచ్చే ఏడు దేశానికి వెళ్ళిపోతా” అనాలి. లెవోయ్ పంతొమ్మిదేళ్ళుగా అంటున్నాడు.

ఓ ఆదివారం ఆంతెనోర్ అనే ముసలాయన కొత్తగా వచ్చి కూర్చున్నాడు.

“మీరెప్పుడు వెళ్తారు పెద్దాయనా?” అడిగాడు లెవోయ్.

“వెళ్ళను.”

బల్ల మీద చేతులన్నీ ఆగిపోయాయి.

“ఏం, దేశం మీద ప్రేమ లేదా?”

“పొద్దున్నే కళ్ళు తెరవగానే అదే కనిపిస్తుంది నాయనా. అయినా వెళ్ళను. ఇక్కడే ఉంటా.”

“విన్నార్రా! పిల్ల నచ్చింది గానీ కాపురం చెయ్యడట!” అన్నాడు లెవోయ్.

అందరూ గొల్లున నవ్వారు. నవ్వితే లెవోయ్‌కి పూనకం వస్తుంది. లేచి కుర్చీ ఎక్కాడు.

“మా అమ్మ సమాధి మీద ఒట్టు! ఈ పెద్దాయన నన్ను ఒక్కంటే ఒక్క ఆట ఓడించాడా, మర్నాడే వెళ్ళిపోతా. అక్కడే బతుకుతా, అక్కడే చస్తా!”

చప్పట్లు మోగాయి. ముసలాయన మాత్రం చప్పట్లు కొట్టలేదు. లెవోయ్ మొహంకేసి అదోలా చూసి, ముక్కలు కలపడం మొదలుపెట్టాడు.

ఇంతకీ లెవోయ్‌కి అంత ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందంటారా? క్లెర్మో అనే జతగాడు ఉన్నాడుగా! వాడు ముసలాయన వెనక నిలబడతాడు. ఆయన దగ్గర ఆరు చుక్కల ముక్క ఉంటే తల గోక్కుంటాడు, అయిదుంటే దగ్గుతాడు.

ముసలాయన ఓడిపోయాడు. ఆ పై ఆదివారమూ ఓడాడు. అలా రెండేళ్ళు. చెవులకి క్లిప్పులు, ముక్కుకి క్లిప్పు, గడ్డానికి క్లిప్పు.

“తీగ మీద ఆరేసిన చొక్కాలా ఉన్నావు పెద్దాయనా!”

“గాలి బాగా తగుల్తోందిరా,” అనేవాడాయన.

ఈలోపు అక్కడ హైతీలో పరిస్థితి పాడైపోయింది. తుపాకులవాళ్ళు లెవోయ్ పుట్టిన వీధిని తగలబెట్టేశారు. పిన్ని కొడుకు ఫోన్ చేశాడు.

“అన్నా, ఆ ఒట్టు సంగతి ఇక్కడ దాకా తెలిసింది. గెలిచినా ఓడినా రామాకు. చస్తే మోసేవాళ్ళు కూడా మిగల్లేదు.”

లెవోయ్‌కి అన్నం సయించలేదు. ఆట మానేస్తే పిరికివాడంటారు. ఓడితే వెళ్ళాలి, వెళ్తే చావాలి. అమ్మ సమాధి మీద పెట్టిన ఒట్టు గట్టున పెట్టేది కాదు. నవ్వులాటకి అన్న మాట మెడకి ఉరితాడై కూర్చుంది.

ఆ ఆదివారమే ముక్కలు ఎదురు తిరిగాయి.

ముసలాయన చేతిలో ఒక్కటే ముక్క. లెవోయ్ చేతిలో రెండు. బల్ల మీద వరసకి ఒక కొసన ఆరు, ఇంకో కొసన మూడు. వంతు ముసలాయనది.

వెనకాల క్లెర్మో తల గోక్కుంటున్నాడు. పేలు పట్టినవాడిలా రెండు చేతులతో గోక్కుంటున్నాడు.

ఆరు ఉందన్నమాట. అది పెడితే ఆట అయిపోయింది. లెవోయ్ కూడా అయిపోయినట్టే.

లెవోయ్ కళ్ళు మూసుకున్నాడు.

టక్ టక్.

ముసలాయన వేలి కణుపుతో బల్ల తట్టాడు. ఆడే ముక్క లేదని.

లెవోయ్ మూడు పక్కన ఒక ముక్క పెట్టాడు. ముసలాయన మళ్ళీ బల్ల తట్టాడు. లెవోయ్ ఆఖరి ముక్క కూడా పెట్టేశాడు.

ముసలాయన తన ముక్కని బోర్లా తిప్పి మిగతావాటిలో కలిపేసి, క్లిప్పు కోసం మొహం ముందుకు చాపాడు.

బయటికి రాగానే క్లెర్మో గుసగుసలాడాడు.

“ఒరేయ్, ఆరు ఉందిరా ఆయన దగ్గర! రెండుసార్లూ పెట్టొచ్చు. చూస్కోలేదు. చూపు మందగించినట్టుంది.”

“పోన్లే. గుడ్డివాళ్ళని పుట్టించిన దేవుడు చల్లగా ఉండాలి,” అన్నాడు లెవోయ్. ఆ రోజు వాడు నవ్విన నవ్వు వీధి చివరిదాకా వినిపించింది.

మంచు కురిసే రోజుల్లో ఆంతెనోర్ పోయాడు.

పాతిపెట్టి వచ్చాక మధ్యాహ్నం అదే నేలమాళిగలో భోజనాలు. ఆయన తమ్ముడి భార్య ఇస్మెన్ అందరికీ కాఫీ పోస్తోంది. లెవోయ్ ఊరుకుంటాడా?

“మీ బావగారు అక్కడ కూడా మొహం నిండా క్లిప్పులతోనే కూర్చుని ఉంటారమ్మా! మా బల్ల దగ్గర ఒక్క ఆటా గెలవలేదు పాపం.”

ఇస్మెన్ కాఫీ పొయ్యడం ఆపింది.

“మా బావగారు ఓడిపోయారా? డామినోల్లోనా?”

“రెండేళ్ళు వరసగా.”

“దేశంలో ఉన్నప్పుడు కాప్ హైతియన్ రేవులో ఆయనతో ఆడాలంటే జనం జంకేవాళ్ళు బాబూ. చేతిలో ముక్కల్ని చూడకుండా, చుక్కల గుంటలు తడిమి ఆడేవారు.”

క్లెర్మో చేతిలో కాఫీ తొణికింది. ఆవిడ ఇంకా చెప్పుకుపోయింది.

“భూకంపం తర్వాత, వాళ్ళ నాన్న కట్టిన బడిని నిలబెట్టడానికి ఇద్దరన్నదమ్ముల్లో ఒకరు దేశానికి వెళ్ళాల్సి వచ్చింది. ఇద్దరికీ ఆ మట్టంటే ప్రాణమే. ఇద్దరికీ భయమే. ఇక్కడ మా వంటింటి బల్ల మీద ఒక ఆట వేసుకున్నారు. ఓడినవాడు వెళ్ళాలని.”

“ఎవరు వెళ్ళారు?” అడిగాడు లెవోయ్.

“మా ఆయన. నాలుగో నెల్లో కబురొచ్చింది. శవం రాలేదు.”

“మరి... మా దగ్గర ఎందుకు ఓడిపోయేవారమ్మా?”

ఇస్మెన్ వాడి కప్పులో కాఫీ నిండుగా పోసింది.

“నాకేం తెలుసు బాబూ! మా ఆయన మీద గెలిచిన ఆ ఆటే ఆయన ఆఖరి గెలుపు.”