మొండోడి గది

“ఈ గది మూయాలంటే ముందు నన్ను దాటాలి!” అంటూ ఆవిడ వరండాలోని కుర్చీ లాక్కుని తలుపుకి అడ్డంగా కూర్చుంది.

పెద్ద డాక్టరు ఇబ్బందిగా అటూ ఇటూ చూశాడు. పరిశోధన విభాగంలో వాళ్ళంతా పనులాపి మరీ వింటున్నారు.

“మీ బాధ నాకు తెలుసమ్మా. కానీ ఎన్ని మందులు మార్చాం! మొండోడు దేనికీ లొంగడం లేదు. వాడొక్కడి కోసం ఇంత గది, ఇంతమంది మనుషులు... ఎన్నాళ్ళని?”

“లొంగేదాకా! సంతకం పెట్టి మరీ మీకు అప్పజెప్పాను. మధ్యలో వదిలేస్తే ఊరుకుంటానా?”

మొండోడని పేరు పెట్టింది ఆవిడే. వారం వారం వచ్చి అద్దం ఇవతల నిలబడి చూసి పోతుంది. లోపలికి రానివ్వరు. చేతులెంత కడుక్కున్నా సరే, బయటి గాలి పడదంటారు. మొదట్లో ఏడ్చేది. ఇప్పుడు ఏడుపు లేదు, ఒళ్ళంతా పంతమే.

ఇంతలో మొండోడి పనులు చూసే డాక్టరమ్మ మాస్కు కట్టుకుంటూ వచ్చింది.

“చెల్లీ, వాడు తింటున్నాడా?”

“శుభ్రంగా తింటున్నాడక్కా. నిన్ననే తిండి మార్చి పెట్టాను.”

“లోపల వెచ్చగానే ఉందా?”

“మన ఒంటి వేడెంతో అంతే.”

“విన్నారుగా?” అంది ఆవిడ పెద్ద డాక్టరు వైపు తిరిగి. “కింద వార్డులో ఒక పాపకి ఇదే జబ్బు. వాళ్ళమ్మకి ఏం చెప్తారు? మొండోడితో మావల్ల కాలేదు, చేతులు దులిపేసుకున్నాం అంటారా? మీ ఇంటి బిడ్డకే వస్తే ఇలాగే నీళ్ళొదిలేస్తారా?”

ఆయన గొంతు తగ్గింది. “సరే, మొన్న ఇచ్చిన కొత్త మందు సంగతి చూద్దాం. అదీ పనిచేయకపోతే మాత్రం...”

“ఇంకోటి ఇస్తారు,” అని ఆవిడే పూర్తిచేసి కుర్చీ జరిపింది.

డాక్టరమ్మ లోపలికి వెళ్ళింది. ఆవిడ అద్దానికి ముఖం ఆనించింది. ఊపిరికి అద్దం మసకబారుతుంటే కొంగుతో తుడుస్తూనే ఉంది.

డాక్టరమ్మ బయటికొచ్చి మాస్కు తీసేసింది. కళ్ళనిండా నీళ్ళు.

“అక్కా... మొండోడు పోయాడు.”

ఆవిడ డాక్టరమ్మ భుజాలు పట్టుకుంది.

“మందు వల్లేనా?”

“మందు వల్లే. రెండుసార్లు చూశాను.”

ఆవిడ నవ్వింది. పగలబడి నవ్వింది. బుగ్గల మీద కన్నీళ్ళు కారిపోతున్నా తుడుచుకోలేదు.

“చచ్చాడా! పీడ విరగడైంది! నువ్వు చల్లగా ఉండాలి చెల్లీ!” అని డాక్టరమ్మని వాటేసుకుంది. ఆ వెంటనే పెద్ద డాక్టరు వైపు తిరిగి, కుర్చీని ఆయన ముందుకి నెట్టింది.

“ఇప్పుడు మూయండి చూద్దాం, ఈ గది!”

మొండోడంటే, ఆవిడ కొడుకుని పొట్టన పెట్టుకున్న కణితిలోంచి తీసి, మందులు పరీక్షించడానికి ఆ గదిలో బతికిస్తూ వచ్చిన ముక్క.