చిగుసా గారి కట్ట

జపాన్‌లోని మత్సుమోతోలో మా వీధి నియమం చిన్నదే. పాత వార్తాపత్రికలు వేరుగా, వారపత్రికలు వేరుగా కాగితపు తాడుతో కట్టి మూలమలుపులో పెట్టాలి. కలిపి కడితే పాత కాగితాలు తీసుకెళ్ళే బండివాళ్ళు ముట్టుకోరు. వదిలేసిన కట్టను ఆ ఇంటికి మోసుకెళ్ళి, దగ్గరుండి సరిచేయించడం ఈ ఏడాది నా వంతు.

ప్రతిసారీ మిగిలేది మా వీధిలోనే ఉండే చిగుసా కట్టే.

"ఇదేమన్నా బ్రహ్మవిద్యా అమ్మాయ్?" అన్నాను పోయినసారి, వాళ్ళ గుమ్మంలో కూర్చుని తాడు బిగిస్తూ.

ఉక్కపోతలోనూ పొడుగు చేతుల చొక్కా వేసుకున్న చిగుసా నవ్వలేదు. లోపల భర్త దగ్గు వినిపించగానే నా మణికట్టు పట్టుకుంది.

"వచ్చేసారీ తప్పే కడతాను పిన్నిగారూ. మీరు తప్పకుండా రావాలి."

వేళాకోళం అనుకున్నాను. ఒళ్ళు మండి లేచి వచ్చేశాను.

ఈ ఉదయం కట్ట తెచ్చింది ఆమె భర్త. అంచులు కోసినట్టు సమంగా ఉన్నాయి. ఒక్క వారపత్రికా కలవలేదు.

"ఇకమీదట నేనే కడతానండీ," అన్నాడు నవ్వుతూ. "మీకు మా గుమ్మం తొక్కే శ్రమ తప్పింది."

"చిగుసా ఏదీ?"

"పడుకుంది."

అతను ఇంట్లోకి వెళ్ళాక, మేడమీది కిటికీ రేకు తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి. బయట మంచి ఎండ.

నేను అతని కట్ట విప్పాను. మా ఇంటి నుంచి వంటల పత్రిక ఒకటి తెచ్చి మధ్యలో దూర్చి, అంచు బయటికి కనబడేలా మళ్ళీ కట్టాను.

బండి వచ్చింది. ఆ ఒక్క కట్టనూ వదిలేసి వెళ్ళింది.

దాన్ని ఎత్తుకుని వెళ్ళి తలుపు తట్టాను.

"తప్పు కట్టారండీ," అన్నాను గట్టిగా, మేడమీదికి కూడా వినబడేలా. "తలుపు తీయండి."