ఒక గోడ తక్కువ

"ఆపవయ్యా. ఆ ఇటుక అక్కడ పెట్టావంటే ఊరుకునేది లేదు."

పక్కింటి దర్జీ నడుమెత్తు ప్రహరీకి అవతల నిలబడి అరిచాడు. మేస్త్రీ తాపీ గాల్లోనే ఆపి ఇంటాయన వైపు చూశాడు. ఇంటాయన బస్సు కండక్టరు. సెలవు పెట్టి మరీ ఇంటి ముందు వసారా కట్టిస్తున్నాడు. రెండు స్తంభాలు, పైన రేకులు, జల్లు కొట్టకుండా దర్జీ ఇంటి వైపు నిలువెత్తు గోడ. ఇల్లు కట్టి చూడు అన్నవాళ్ళు వసారా సంగతి చెప్పడం మరిచిపోయారు.

"మా స్థలంలో మా గోడ, మావయ్యగారూ. మీకేంటి ఇబ్బంది?"

"గాలి రాదు."

"మీ కిటికీలన్నీ అవతలి వైపే ఉన్నాయి కదా."

"వెలుతురు రాదు."

"మీది మాకు తూర్పున ఉన్న ఇల్లు. పొద్దుటెండ ముందు మీకే తగులుతుంది."

అయినా దర్జీ కదల్లేదు. కలిపిన సిమెంటు గట్టిపడిపోతోందని మేస్త్రీ సణిగాడు.

కండక్టరుకి ఒళ్ళు మండింది. టికెట్టు తీసుకోని వాళ్ళతో కూడా ఇంతసేపు వాదించి ఎరగడు. "అమ్మా, నువ్వైనా చెప్పు."

"పోనీ వద్దులేరా గోడ," అంది తల్లి గుమ్మంలోంచి.

"జల్లుకి చాప కట్టుకుందామండీ," అంది భార్య.

"అందరూ ఒకటయ్యారన్నమాట. మేస్త్రీ, నువ్వు పెట్టు."

మేస్త్రీ వంగాడు. దర్జీ ప్రహరీని రెండు చేతులతో పట్టుకున్నాడు. గొంతు దిగిపోయింది.

"నిజం చెప్తాను బాబూ. మా అబ్బాయికి మాత్రం చెప్పకు, మిషన్ అమ్మేస్తాడు. నాకు అక్షరాలు కనపడటం లేదు. బట్టయితే తడిమి కుట్టేస్తున్నాను, పేపరు తడిమితే ఏం తెలుస్తుంది? నువ్వు డ్యూటీకి వెళ్ళాక మీ ఆవిడ ఇక్కడ కూర్చుని మీ అమ్మగారికి పేపరంతా చదివి వినిపిస్తుంది. నేను ఇవతల కూర్చుని వింటాను. చాటుగా విన్నాను, తప్పే. కానీ లోకంలో ఏం జరుగుతోందో నాకు తెలిసేది ఆ అమ్మాయి గొంతు వల్లే. ఆ పిల్ల చల్లగా ఉండాలి. నువ్వు గోడ కడితే నాకు ఆ కాస్తా పోతుంది."

కండక్టరు కోపమంతా ఎటు పోయిందో పోయింది. ఇంతసేపూ ఈయనతోనా వాదించాను అని సిగ్గుపడ్డాడు.

"జల్లు కొడితే తుడుచుకుంటాం, మావయ్యగారూ. ఈ వైపు గోడ లేదు మేస్త్రీ, తీసెయ్."

దర్జీ దణ్ణం పెట్టబోతే ఆ చేతులు పట్టుకుని ఆపాడు. ముసలాయన కళ్ళొత్తుకుంటూ, గోడ తడుముకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

కండక్టరు తల్లి దగ్గరికొచ్చి కూర్చున్నాడు. "నీకు చదివిపెట్టడం ఆయనకి కలిసొచ్చిందమ్మా. ఇంతకీ నీ కళ్ళజోడు కూడా మార్పించాలా?"

"నా కళ్ళకేం, దివ్యంగా ఉన్నాయి. పేపరు రాగానే నేనే చదివేసుకుంటాను," అంది తల్లి గొంతు తగ్గించి. "ఒకరోజు ఆయన వాళ్ళ గుమ్మంలో పేపరు తలకిందులుగా పట్టుకుని కూర్చున్నాడు. అప్పట్నుంచీ నీ పెళ్ళాం నా పేరు చెప్పి గట్టిగా చదువుతోంది."