కత్తెర లేని ఇల్లు

దర్జీ పెళ్లాం టమాటాలు కూడా చేత్తోనే చిదిమి వండుతోందని, ఆ ఇంట్లో మచ్చుకైనా చాకు కనబడటం లేదని ఎదురింటావిడ దారినపోయే ప్రతివాళ్లకూ చెబుతోందట. "పురుడొచ్చాక పిల్లకి మతి చలించింది, పాపం" అని కూడా అందట. ఆ మాట చెవిన పడ్డప్పుడు దర్జీ నవ్వి ఊరుకున్నాడు. ఇవాళ కత్తెర కోసం చెయ్యి చాపితే బల్ల మీద కత్తెర లేదు.

పెద్దదీ లేదు, దారాలు తుంచే చిన్నదీ లేదు. కుట్లు విప్పే బ్లేడు కూడా మాయం.

"ఏవీ?" అన్నాడు భార్యతో.

ఆమె చేతులు వీపు వెనక దాచుకుని గోడకు అతుక్కుపోయి ఉంది. అవతలి మూల ఊయలలో ఇరవై మూడు రోజుల పాప గుక్కపట్టి ఏడుస్తోంది. ఆమె అటువైపు ఒక్క అడుగు వేయడం లేదు.

"అటక మీద, పెట్టెలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి బల్ల మీద పెట్టాను, మీరు తీసుకోండి. నేనడిగినా ఇవ్వకండి."

"ఎందుకే?"

"పదునున్నది ఏది చూసినా పాప మెడ కళ్ల ముందుకొస్తోందండీ. వద్దు వద్దనుకున్నకొద్దీ వస్తోంది. ఈ చేతులు ఏం చేసేస్తాయోనని భయంగా ఉంది."

దర్జీ తనకు తెలియకుండానే వెళ్లి ఊయలకు అడ్డంగా నిలబడ్డాడు. అది చూసి ఆమె ఇంకాస్త ముడుచుకుపోయింది.

"అమ్మా, పాపని అక్కావాళ్లింటికి తీసుకుపో. ఇప్పుడే. దీన్ని నేను ఆసుపత్రికి తీసుకెళ్తా" అన్నాడు గదిలోనే ఉన్న తల్లితో.

"తీసుకెళ్లండత్తయ్యా" అంది కోడలు. "నన్ను నమ్మకండి."

అత్తగారు పాప గుడ్డలు మడతపెడుతోంది. పాలు పొంగితేనే వీధంతా వినబడేలా అరిచే మనిషి. ఇప్పుడేం అంటుందోనని కోడలు కళ్లు గట్టిగా మూసుకుంది.

ఆవిడ లేచి, కొడుకును పక్కకు నెట్టి పాపను ఎత్తుకుంది. గుమ్మం వైపు వెళ్లలేదు. కోడలి దగ్గరికి వచ్చి కూర్చుంది.

"చేతులు ముందుకు పెట్టు. ఆకలికి ఏడుస్తోంది."

"వద్దత్తయ్యా, నా వల్ల కాదు."

"పట్టుకోవే. నేను పక్కనే ఉన్నాగా. పాలు తాగనీ, ముగ్గురం కలిసే డాక్టరమ్మ దగ్గరికి పోదాం."

"అమ్మా, నీకూ మతి పోయిందా?" అన్నాడు దర్జీ. "కన్నబిడ్డ మీద ఏ తల్లికైనా అలాంటి ఆలోచన వస్తుందా?"

పాప తలను కోడలి మోచేతి మీద సర్ది, ఆవిడ కొడుకు మొహంలోకి చూసింది.

"నువ్వు పుట్టాక మూడు నెలలు నేను బావి వైపు పోలేదురా. నిన్ను అందులో వేసేస్తానేమోనని."