సలోమమ్మకు ఆపిన చోటు

చర్చిలో మైకు తీసేసి చాలా కాలమైంది. పాస్టరుగారు పెదవులు కదుపుతారు, ఎవరి చెవిలో పెట్టుకున్న వినికిడి బిళ్ల వాళ్లకు తగిన ప్రసంగం వినిపిస్తుంది. కుర్రకారుకు ఉద్యోగాల వాగ్దానాలు, తల్లులకు పిల్లల పెంపకం, ముసలివాళ్లకు ఆదరణ మాటలు. ఆమేన్ కూడా ఇప్పుడు ఎవరికి వాళ్లే ఎప్పుడో అంటున్నారు.

సువార్తమ్మ ఎప్పట్లాగే చాప మీద పక్కన పాటల పుస్తకం పెట్టి, దూరపు కాలనీ నుంచి వచ్చే నేస్తురాలు సలోమమ్మకు చోటు ఆపింది. ఆమె ఈ ఆదివారమూ రాలేదు. ఆరాధన అయ్యాక సువార్తమ్మ, ఎవరి బిళ్లకు ఏ కబురు పంపాలో చూసే కెజియాను పట్టుకుంది.

"మా సలోమి రావట్లేదేమ్మా? ఒంట్లో బాలేదా?"

కెజియా తడబడింది. "ఆవిడ పోయి రెండు నెలలైంది మామ్మగారూ. భూస్థాపనకి మేమంతా వెళ్లాం. పెద్దవాళ్లు బెంగ పెట్టుకుంటారని చావు కబుర్లు మీ గుంపుకి పంపించం."

"మరి నేను పోతే?"

కెజియా వంగి చాపలు చుట్టసాగింది.

పై ఆదివారం సువార్తమ్మ ముసలివాళ్ల చాపల వంక తేరిపార చూసింది. ఒకామె పక్కన ఖాళీ చోట్లో చేతిసంచి, ఇంకొకామె పక్కన కళ్లద్దాల పెట్టె, ఆ వెనకామె పక్కన మడత పెట్టిన శాలువా. అందరి కళ్లూ వాకిలి వైపే ఉన్నాయి.

ఎవరితోనూ ఏమీ అనలేక, ఆమె కూడా పాటల పుస్తకం తీసి పక్కన పెట్టుకుంది.