తుపాకీకి నూనె

వానాకాలం చెమ్మకి తుప్పు పట్టకూడదని రోజూ నా తుపాకీకి నూనె రాసి తుడుస్తాను. పైన అద్దంలా మెరిస్తే చాలు, లోపల ఎవడు చూడొచ్చాడు?

నిన్న ఇంటి హద్దు గోడ తగాదాలో మా అల్లుడుగారు ఆ తుపాకీ లాక్కుని సొంత అన్న మీదికే ఉరికారు. మహా వీరుడు! తూటా గొట్టంలోకి దిగితేనా? లోపలంతా తుప్పు.

“ఏం మామయ్యా, ఇన్నాళ్ళూ నూనె దీనికి రాశారా, మీ తలకా?” అని నన్నే తిట్టి కూలబడ్డారు. అన్నగారి ప్రాణం దక్కింది, నా పరువు పోయింది.

లోపలికెళ్ళాక మా ఆవిడ అంది: “మీరు నూనె రాసి అటు వెళ్ళగానే నేను గొట్టంలో ఉప్పునీళ్ళు పోసేదాన్ని.”

“అల్లుడు ఇలాంటివాడని ముందే కనిపెట్టావన్నమాట!” అన్నాను.

“అల్లుడు నిన్నగాక మొన్న వచ్చాడు. నేను మొదలుపెట్టింది మీ కోపం చూసి.”