నాలుగు మెట్లు

"పొద్దుటి నుంచి కాలవ గట్ల వెంట నడుస్తున్నాం, ఒక్క మిట్టైనా తగల్లేదు. పచ్చ చాప పరిచి నీళ్లు చల్లినట్టుంది. దీనికా అంత ధర?" అన్నాడు వౌటర్, బూట్ల బురద దులుపుతూ. హాలండ్‌లో పచ్చికబయళ్లు కొని అమ్మే అతనికి, బేరానికి ముందు సరుకును చులకన చేయడం అలవాటు.

ఆ పచ్చికబయలును అమ్మకానికి పెట్టిన ముసలి అలైడా తన ఇంటి మెట్లెక్కింది.

"కోళ్లగూడంత ఇంటికి నాలుగు మెట్లా! ఏం దర్జా అమ్మా! ఎందుకివి?"

"మా తాత కట్టిన నాడు ఒక్క మెట్టూ లేదు బాబూ. ఇల్లు లోతుగా దిగేసిన దుంగల మీద నిలబడింది. చుట్టూ నేలే కుంగుతోంది. కుంగినప్పుడల్లా ఒక మెట్టు చేర్చాం."

రోజంతా అతను ఏరిన వంకల్లో, నేల కుంగుతోందన్న ఈ ఒక్కటి మాత్రం లేదు.

"మరి పొద్దున్నే చెప్పలేదేం?"

"పొద్దుటి నుంచి వెక్కిరించావే గానీ, ఒక్కటైనా అడిగావా? ఇప్పుడడిగావు, చెప్పాను."